కర్రతో తోస్తే తిరిగే ఫ్యాను
ఏ.సి. లోపలి ఫ్యాను ఆగిపోతే ఎక్కడ మొదలుపెట్టి చూడాలి?



మన హాస్టల్లో నా కాలంలో ఉన్న వాళ్ళెవరూ ఆ ఫ్యానును మరిచిపోయి ఉండరు. పెద్ద హాలులో తలుపు దగ్గర నుంచి మూడోది. స్విచ్ వేస్తే గుంయ్ మని మూలిగేది గానీ కదిలేది కాదు. ఎవరో ఒకరు ట్రంకు పెట్టె మీదికి ఎక్కి చీపురుకర్రతో రెక్కను ఒక్క తోపు తోస్తే మెల్లగా మొదలయ్యేది. ఇంకో వింత ఏమిటంటే, దాన్ని ఎటు తోస్తే అటే తిరిగేది. తప్పువైపు తోస్తే గాలి కిందికి రాక పైకి పోయేది. కింద పడుకున్న వాళ్ళు "ఒరేయ్, ఆపి ఇటు తొయ్యిరా" అని అరిచేవాళ్ళు. ఆ కర్రను గోడ మూలన జాగ్రత్తగా దాచుకునేవాళ్ళం.

పదో తరగతి అయ్యాక నేను ఐ.టి.ఐ.లో చేరాను. అక్కడ మా మాస్టారు ఒకరోజు బల్ల మీద ఫ్యాను మోటారు విప్పి పెట్టి, అది ఎందుకు మూలుగుతుందో పది నిమిషాల్లో చెప్పారు. నాకు సిగ్గేసింది. నాలుగేళ్ళు మేము కర్రతో తోసిన రోగానికి మందు, అరచేతిలో పట్టేంత చిన్న డబ్బా. దాని పేరు కెపాసిటర్. టీ, బన్ను ఖర్చుతో పోయేది.

నేను ఇప్పుడు నెల్లూరులో ఏ.సి.లు బాగు చేస్తాను. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు తీరం ఊళ్ళకు ఎక్కువగా తిరుగుతాను. నాకు ఫోను చేసేవాళ్ళు చెప్పే మాటల్లో తరచుగా వినేది ఒకటుంది: "అన్నా, లైటు వెలుగుతుండాది, ఫ్యాను మాత్రం తిరగటంలా." ఈ ఒక్క మాట వెనక ఎన్ని కారణాలు ఉండవచ్చో, వాటిని ఏ వరసలో చూడాలో చెప్పడమే ఈ వ్యాసం. మన హాస్టల్లో ఏ.సి. లేదు గదా అనవచ్చు. కానీ మన పూర్వ విద్యార్థుల ఇళ్ళలో చాలా చోట్ల ఉంది. పైగా మీ తల మీద తిరిగే సీలింగ్ ఫ్యానుకు, ఏ.సి. లోపలి ఫ్యానుకు చుట్టరికం ఉంది.

లోపలి ఫ్యాను చేసే పని

ఏ.సి. అంటే చల్లదనం తయారుచేసే పెట్టె అనుకుంటాం. నిజానికి అది గదిలోని వేడిని, తేమను తీసి బయట పారబోసే యంత్రం. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం దీనికి రూపకల్పన చేశాడు. మనుషులకు చెమట పట్టకుండా ఉండాలని కాదు. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగి, ముడుచుకుని, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడేవి కావు. ఆ తేమను అదుపు చేయడం కోసం. సముద్రపు చెమ్మలో బతికే మనకు ఆ యంత్రం అంత హాయిగా ఎందుకుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

స్ప్లిట్ ఏ.సి.లో రెండు భాగాలు. గోడ మీద ఉండేది లోపలి యూనిట్, ఇంటి బయట ఉండేది అవుట్‌డోర్. రెండింటిలో వేరు వేరు ఫ్యాన్లు ఉంటాయి. లోపలిది మామూలు రెక్కల ఫ్యాను కాదు. రోకలిలాగా పొడవుగా, చుట్టూ సన్నని ప్లాస్టిక్ రెక్కలతో ఉంటుంది. దాన్ని బ్లోయర్ అంటాం. దానికి ఒక చివర చిన్న మోటారు, రెండో చివర బేరింగ్ ఉన్న రబ్బరు బుష్ ఉంటాయి. విండో ఏ.సి. సంగతి వేరు. అందులో ఒకే మోటారుకు రెండువైపులా ఇరుసు ఉండి, లోపలి బ్లోయర్‌ను, వెనకవైపు ఫ్యానును కలిపి తిప్పుతుంది. కాబట్టి విండో ఏ.సి.లో మోటారు ఆగితే రెండూ ఆగుతాయి.

గదిలోని వేడిగాలిని లాగి చల్లని కాయిల్ మీదుగా పంపడం బ్లోయర్ పని. అది ఆగిందంటే కాయిల్‌కు వేడి అందదు. కాయిల్ మీది తేమ గడ్డకట్టి మంచు అవుతుంది. ఆవిరి కావలసిన గ్యాసు ద్రవంగానే కంప్రెసర్‌కు తిరిగిపోయి దాన్ని దెబ్బతీయవచ్చు. అందుకే లోపలి ఫ్యాను తిరగనప్పుడు "కాసేపు చూద్దాంలే" అని ఏ.సి.ని అలాగే వేసి ఉంచకూడదు. వంద రూపాయల రోగం కంప్రెసర్ దాకా పాకుతుంది.

మొదట కరెంటు ఆపాలి

ఇది అన్నింటికన్నా ముందు చెప్పవలసిన మాట. రిమోట్‌తో ఆపితే ఏ.సి. ఆగినట్టు కాదు, బోర్డుకు కరెంటు వస్తూనే ఉంటుంది. ఎం.సి.బి. దించాలి. ప్లగ్గు ఉంటే అది కూడా పీకాలి. ఆ తరువాత కనీసం పది నిమిషాలు ఆగాలి. ఎందుకంటే బోర్డు మీది కెపాసిటర్లు కరెంటు పోయాక కూడా కొంతసేపు దాన్ని దాచుకుంటాయి. ఇన్వర్టర్ ఏ.సి. బోర్డులలో 300 వోల్టులకు పైగా డి.సి. నిలిచి ఉంటుంది. అది మనిషిని వదలదు.

తడి చేతులతో, తడి నేల మీద, చెప్పులు లేకుండా ముట్టుకోకూడదు. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు చేయకూడదు. మన ఇసుక నేలల్లో ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోయి ఎర్తు సరిగా పనిచేయదు, కాబట్టి "ఎర్తు ఉంది గదా" అనే ధీమా కూడా వద్దు. ఫిల్టర్లు తీసి కడగడం, బ్లోయర్‌ను తిప్పి చూడడం వరకు ఎవరైనా చేయవచ్చు. బోర్డు కవరు విప్పే పని మాత్రం నేర్చుకున్నవాడిదే. గ్యాసు పైపుల జోలికి అసలు పోవద్దు. ఇప్పుడు వచ్చే చాలా ఏ.సి.లలో ఆర్-32 గ్యాసు ఉంటుంది, అది కొద్దిగా మండే గుణం ఉన్నది. కొన్నింటిలో ఉండే ఆర్-290 అయితే ప్రొపేనే, బాగా మండుతుంది.

అసలు చెడిపోయిందా?

నన్ను పిలిచిన ఇళ్ళలో కొన్నిచోట్ల ఏ.సి.కి ఏ రోగమూ ఉండదు. కాబట్టి మొదట ఇవి చూడండి.

1. రిమోట్‌లో మోడ్ ఏముందో చూడాలి. డ్రై మోడ్‌లో, ఆటో మోడ్‌లో ఫ్యాను తనంతట తాను ఆగుతూ, తిరుగుతూ ఉంటుంది. కొన్ని మోడళ్ళలో గది చల్లబడగానే ఫ్యాను కూడా ఆగుతుంది. అది తప్పు కాదు.

2. రిమోట్‌ను ఫ్యాన్ మోడ్‌లో పెట్టి చూడాలి. ఈ మోడ్‌లో కంప్రెసర్ పనిచేయదు, ఫ్యాను మాత్రమే తిరగాలి. ఇందులో కూడా తిరగకపోతే ఫ్యాను వైపే రోగం ఉందని లెక్క. ఇందులో తిరిగి, కూల్ మోడ్‌లో ఆగిపోతుంటే మంచు, సెన్సారు వంటివి చూడాలి.

3. రిమోట్ బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. సెల్‌ఫోను కెమెరా ముందు రిమోట్ పెట్టి బటన్ నొక్కితే దాని బల్బు వెలగడం తెరలో కనిపిస్తుంది. కంటికి కనిపించని ఆ వెలుగును కెమెరా పట్టుకుంటుంది. చాలా ఏ.సి.లకు ముందు మూత కింద ఒక చిన్న బటన్ కూడా ఉంటుంది. దాన్ని నొక్కితే రిమోట్ లేకుండానే నడుస్తుంది.

4. వోల్టేజి చూడాలి. స్టెబిలైజర్ ఉంటే, కరెంటు వచ్చిన వెంటనే అది వదలదు, మూడు నాలుగు నిమిషాలు ఆపి వదులుతుంది. లైను చివరి ఊళ్ళలో సాయంత్రం మోటార్లన్నీ వేసే వేళకు వోల్టేజి పడిపోతుంది. 230 ఉండవలసిన చోట 160 వస్తే ఇలాంటి మోటారు బలం సగానికి పడుతుంది. వోల్టేజి మూడింట ఒక వంతు కూడా తగ్గలేదు, బలం సగం పోయింది చూశారా! అప్పుడు మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, తిరగదు.

చేత్తో తిప్పి చూడడం

పైవన్నీ బాగున్నాయి, ఫ్యాను మాత్రం తిరగడం లేదు. ఇప్పుడు ఎం.సి.బి. దించి, గాలి బయటికి వచ్చే సందులో నుంచి బ్లోయర్‌ను పెన్సిలు వెనకవైపుతో మెల్లగా తిప్పి చూడండి. రెక్కలు పెళుసుగా ఉంటాయి, బలం పెట్టకూడదు. ఈ చిన్న పరీక్ష రోగాన్ని రెండుగా చీలుస్తుంది.

బిగుసుకుని ఉంటే: అడ్డం ఏదో ఉంది. బల్లి పడి చచ్చి ఉండవచ్చు. రబ్బరు బుష్ ఎండి బేరింగ్ పట్టేసి ఉండవచ్చు. అలా పట్టేసే ముందు కొన్ని రోజులు కీచుమని శబ్దం వస్తుంది, మనం పట్టించుకోం. మంచుగడ్డ బ్లోయర్‌కు తగులుతూ ఉండవచ్చు.

తేలికగా తిరుగుతుంటే: రోగం కరెంటు వైపు ఉంది. ఒక మినహాయింపు చెప్పాలి. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తూ గాలి మాత్రం రాకపోతే, బ్లోయర్‌ను ఇరుసుకు పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైందేమో చూడాలి. మోటారు తన పాటికి తాను తిరుగుతుంది, బ్లోయర్ కదలదు. స్క్రూడ్రైవర్ ఒక చుట్టు తిప్పితే పోయే రోగమది.

మంచు కట్టినప్పుడు

ఒక్కోసారి ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం రాదు. మూత ఎత్తి చూస్తే కాయిల్ నిండా తెల్లగా మంచు. ఫిల్టరు నెలల తరబడి కడగకుండా 16 డిగ్రీల మీద రాత్రంతా వేస్తే ఇలా అవుతుంది. గ్యాసు తగ్గినా అవుతుంది. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో ఆ మంచును గీకి తీయవద్దు, కాయిల్‌కు చిల్లు పడితే గ్యాసంతా పోతుంది. ఏ.సి. ఆపి, కింద బేసిను పెట్టి, కరిగేదాకా ఆగండి. ఫిల్టరు కడిగి ఆరబెట్టి వేయండి. మళ్ళీ మంచు కడితే అప్పుడు మెకానిక్కును పిలవండి. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న ఏ.సి.లను వేయగానే 24 డిగ్రీలే వచ్చేలా తయారుచేయాలని నిబంధన ఉంది. కరెంటు ఆదా కోసం పెట్టిన ఆ 24 దగ్గరే వాడితే కాయిల్‌కు కూడా మంచిది.

మూలిగే మోటారు రహస్యం

ఇప్పుడు మన పాత ఫ్యాను దగ్గరికి వద్దాం. అది ఎందుకు మూలిగేది? తోస్తే ఎందుకు తిరిగేది?

రొయ్యల గుంటల మీద ఏరేటర్లు తిరగడం మీలో చాలామంది చూసి ఉంటారు. వాటి మోటార్లకు ఎక్కువగా త్రీ ఫేజ్ కరెంటు ఇస్తారు. మూడు తీగల్లో కరెంటు ఒకదాని తరువాత ఒకటి వంతులవారీగా పెరిగి తగ్గుతుంది. ముగ్గురు మనుషులు గుండ్రంగా నిలబడి వంతులవారీగా తోసినట్టు మోటారు తనంతట తాను బయలుదేరుతుంది. నిలిచి ఉన్న మోటారుకు ఒక ఫేజు రాకపోతే అదే మోటారు మూలుగుతూ నిలబడి, ఆపకపోతే కాలిపోతుంది. గుంటల కాపలా వాళ్ళకు ఈ మూలుగు బాగా తెలుసు.

ఇళ్ళకు వచ్చేది సింగిల్ ఫేజ్. ఇక్కడ తోసేవాడు ఒక్కడే. వాడు ముందుకొకసారి, వెనక్కొకసారి సమానంగా తోస్తాడు. అందువల్ల ఆగి ఉన్న మోటారుకు ఎటు పోవాలో తెలియదు, అదురుతూ మూలుగుతుంది. కుట్టుమిషను తొక్కేవాళ్ళను చూడండి. మొదలుపెట్టేటప్పుడు చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పుతారు. తిరగడం మొదలైతే ఆ తరువాత కాలు చాలు. మన ఫ్యానుకు చీపురుకర్ర చేసిన పని అదే. ఎటు తోస్తే అటు తిరగడానికి కారణం కూడా అదే.

మరి మంచి ఫ్యాను కర్ర లేకుండా ఎలా బయలుదేరుతుంది? అందులో రెండో చుట్ట ఒకటి ఉంటుంది. దానికి కెపాసిటర్ ద్వారా కరెంటు ఇస్తారు. కెపాసిటర్ ఆ కరెంటు వేళను కాస్త జరుపుతుంది. అంటే రెండో మనిషి వచ్చి, మొదటివాడితో కాకుండా వంతు మార్చి తోస్తాడు. ఇక మోటారుకు దిక్కు తెలుస్తుంది. సీలింగ్ ఫ్యానుకు మామూలుగా 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తారు. ఏ.సి. లోపలి ఫ్యాను మోటారుకు సాధారణంగా 1 నుంచి 3 మైక్రోఫారడ్ లోపు ఉంటుంది.

వేడికి, వోల్టేజి దెబ్బలకు కెపాసిటర్ శక్తి సంవత్సరాల మీద తగ్గిపోతుంది. మొదట ఫ్యాను నిదానిస్తుంది. తరువాత తోస్తే గానీ తిరగదు. చివరికి కదలదు. కాబట్టి "ఈమధ్య గాలి తగ్గింది" అనేది మొదటి హెచ్చరిక. కొత్తది వేసేటప్పుడు పాతదాని మీద రాసి ఉన్న మైక్రోఫారడ్ అంకె అంతే ఉండాలి, వోల్టు అంకె దానికి తగ్గకూడదు. పెద్దది వేస్తే ఫ్యాను జోరుగా తిరుగుతుందని కొందరు వేస్తారు. చుట్ట వేడెక్కి మోటారు కాలుతుంది. ఏ.సి. బ్లోయర్‌ను కరెంటు ఉండగా పుల్లతో తోసి చూడడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. అది సీలింగ్ ఫ్యాను కాదు, పక్కనే కరెంటు తీగలు, కింద నీళ్ళ ట్రే ఉంటాయి.

కాసేపు తిరిగి ఆగితే

ఫ్యాను మొదలై కొన్ని సెకన్లు తిరిగి ఆగిపోయి, ముందు లైటు మిణుకుమంటుంటే లేదా ఏదో అక్షరం, అంకె చూపిస్తుంటే, మోటారు తిరుగుతున్న సంగతి బోర్డుకు తెలియడం లేదని అనుమానించాలి. మోటారులో హాల్ సెన్సారు అనే చిన్న ముక్క ఉంటుంది. చుట్టు చుట్టుకూ బోర్డుకు కబురు పంపడం దాని పని. కబురు రాకపోతే మోటారు పట్టేసిందనుకుని బోర్డు ఆపేస్తుంది. ఆ గుర్తుల అర్థం కంపెనీ కంపెనీకి మారుతుంది, ఏ.సి.తో వచ్చిన పుస్తకంలో చూడాలి. ఆ పుస్తకం పారేయకండి.

చాలా ఇన్వర్టర్ ఏ.సి.లలో బి.ఎల్.డి.సి. మోటారు ఉంటుంది. దీనికి ఇందాక చెప్పిన కెపాసిటర్ ఉండదు. సాధారణంగా ఐదు తీగలుంటాయి. ఒకదానిలో 310 వోల్టుల దాకా డి.సి. వస్తుంది. కరెంటు ఉండగా ఈ మోటారు కనెక్టరు పీకినా, పెట్టినా మోటారు, బోర్డు రెండూ ఒకేసారి పోవచ్చు. ఈ పని నేర్చుకునే తమ్ముళ్ళు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

గంట రెండు గంటలు తిరిగి ఆగి, చల్లబడ్డాక మళ్ళీ తిరిగే మోటార్లు కూడా ఉంటాయి. వేడెక్కితే తెంచే రక్షణ లోపలే ఉంటుంది. అది మాటిమాటికీ తెంచుతుంటే మోటారు చుట్ట గానీ బేరింగ్ గానీ చెడుతున్నట్టు.

ఉప్పుగాలి చేసే పని

మన తీరంలో ఇంకో శత్రువు ఉంది. ఇసకపల్లి దగ్గర ఉప్పు మడులు చూసినవాళ్ళకు చెప్పనక్కర లేదు, మన గాలిలోనే ఉప్పు ఉంది. వంటింట్లో ఉప్పుడబ్బా మూత తీసిపెడితే ఏమవుతుంది? చెమ్మగిల్లుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చి నీరవుతుంది. బోర్డు మీద, కనెక్టర్ల మీద పడిన సన్నని ఉప్పుపొర కూడా అంతే. అది తడిసినప్పుడు కరెంటును పోకూడని దారిలో పోనిస్తుంది, రాగిని తినేస్తుంది. కనెక్టరు పీకి చూస్తే పచ్చని చిలుము కనిపిస్తుంది. మైపాడు వైపు ఇళ్ళలో "బోర్డు పోయింది" అని తీర్పు చెప్పిన తరువాత కూడా, చిలుము పట్టిన పిన్నులు శుభ్రం చేస్తే ఫ్యాను తిరిగిన సందర్భాలు నేను చూశాను.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, తుపాన్లు. అప్పుడు ఏ.సి. వాడం. నెలల తరబడి ఆగిన యంత్రంలో చిలుము, చీమలు, బల్లులు చేరతాయి. మార్చిలో మొదటిసారి వేయగానే ఫ్యాను తిరగదు. కాబట్టి వాడని నెలల్లో కూడా వారానికి ఒకసారి పావుగంట ఫ్యాన్ మోడ్‌లో వేయండి. పైపు వచ్చే గోడ రంధ్రాన్ని మూసివేయండి, బల్లి వచ్చే దారి అదే. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు కరెంటు పోయి వచ్చింది. అలాంటి రోజుల్లో ప్లగ్గు పీకి ఉంచాలి. లైను బాగుచేసి మొదట కరెంటు వదిలినప్పుడు వోల్టేజి ఎగిరితే ముందు పోయేది బోర్డే.

నేను చేసిన తప్పు

ఇంతవరకు పాఠం చెప్పాను. ఇక నా సంగతి చెప్పాలి.

పని మొదలుపెట్టిన కొత్తలో సముద్రం ఒడ్డు ఊరు నుంచి ఒకామె పిలిచింది. జాకెట్లు కుట్టి సంసారం నడిపే మనిషి. భర్త పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. ఆయన కోసం వాయిదాల మీద ఏ.సి. కొన్నారు. రోహిణి కార్తె ఎండలు. లోపలి ఫ్యాను తిరగడం లేదు. నేను మూత విప్పి చూశాను. మోటారుకు విడిగా కెపాసిటర్ కనిపించలేదు. బ్లోయర్ తేలికగానే తిరుగుతోంది. "బోర్డు పోయిందమ్మా" అన్నాను. కొన్ని వేలు పెట్టి కొత్త బోర్డు తెప్పించి వేశాను. ఫ్యాను తిరిగింది. ఆమె కుట్టుమిషను సొరుగు లోంచి డబ్బులు తీసి లెక్కపెట్టి ఇచ్చింది.

నెల తరువాత ఒక ఆదివారం ఖాళీగా ఉండి ఆ పాత బోర్డును మీటరుతో చూస్తూ కూర్చున్నాను. దాని మూలన నలుచదరంగా ఒక చిన్న డబ్బా సోల్డరు చేసి ఉంది. 1.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంది. మీటరులో 0.3 చూపింది. కెపాసిటర్! విడిగా లేదని నేను అనుకున్నది బోర్డు మీదే కూర్చుని ఉంది. అలాంటిదే కొత్తది తెచ్చి అతికించాను. ఆ బోర్డును మా దగ్గర ఉన్న పాత యూనిట్‌కు తగిలిస్తే ఫ్యాను ఝామ్మని తిరిగింది.

నేను అబద్ధం ఆడలేదు. కొత్త బోర్డు వేస్తే నడిచింది కూడా. కానీ తెలియక ఆమె చేత వేలు ఖర్చు పెట్టించాను. హాస్టల్లో నాలుగేళ్ళు ఆ మూలుగు విన్నవాడిని, ఐ.టి.ఐ.లో దాని కారణం నేర్చుకున్నవాడిని. మీటరు తీసి రెండు నిమిషాలు చూడకపోవడమే నా తప్పు.

రెండు మూడు రోజులు ఆలోచించి, బాగుచేసిన బోర్డు, నా కూలి డబ్బులు తీసుకుని వెళ్ళాను. సంగతి చెప్పాను. ఆమె మిషను ఆపి, "అబ్బయ్యా, నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేది గాదు గదా. మళ్ళా ఎందుకొచ్చినావు?" అంది. "నాకు తెలిసింది గదమ్మా" అన్నాను. అంతకన్నా ఏమీ తోచలేదు. బోర్డు డబ్బులు నేను పూర్తిగా ఇచ్చుకోలేకపోయాను. పాత బోర్డు ఆమె దగ్గరే ఉంచుకోమన్నాను. ఆ తరువాత వోల్టేజి ఎగిరి కొత్త బోర్డు పోయినప్పుడు అదే పనికొచ్చింది. ఆ ఊళ్ళో ఏ.సి. ఉన్న ఇళ్ళవాళ్ళు ఈనాటికీ నాకే ఫోను చేస్తారు.

మెకానిక్కును ఏమడగాలి?

ఇంట్లో ఏ.సి. ఉన్న మిత్రులకు ఒక మాట. మెకానిక్కు "బోర్డు పోయింది" అనగానే ఒప్పుకోకండి, అలాగని పోట్లాడకండి. మర్యాదగా ఈ నాలుగు ప్రశ్నలు వేయండి. కెపాసిటర్‌ను మీటరుతో చూశావా, ఎంత చూపింది? మోటారు చుట్ట రెసిస్టెన్స్ చూశావా? బోర్డు నుంచి మోటారుకు వోల్టేజి వస్తోందా? కనెక్టర్లలో చిలుము ఉందా? బోర్డు నుంచి వోల్టేజి సరిగా వస్తూ మోటారు తిరగకపోతే రోగం మోటారుదో, దాని కెపాసిటర్‌దో. వోల్టేజే రాకపోతే అప్పుడు బోర్డును అనుమానించాలి. పాత సామాను ఇచ్చి వెళ్ళమని అడగండి. తెలిసిన పనివాడు ఈ ప్రశ్నలకు కోపగించుకోడు.

గుర్తుంచుకోవడానికి

లైటే వెలగదు: ఎం.సి.బి., ప్లగ్గు, స్టెబిలైజర్ చూడాలి.
లైటు ఉంది, రిమోట్ పలకదు: బ్యాటరీ చూడాలి, మూత కింద బటన్ నొక్కాలి.
శబ్దం లేదు, బ్లోయర్ బిగుసుకుంది: బల్లి, బేరింగ్, మంచు.
మూలుగుతుంది, కదలదు: వోల్టేజి, కెపాసిటర్.
మోటారు శబ్దం ఉంది, గాలి లేదు: బ్లోయర్ స్క్రూ, మంచు, ఫిల్టరు.
కొన్ని సెకన్లు తిరిగి ఆగుతుంది: సెన్సారు, కనెక్టరు.
వేడెక్కి ఆగి, చల్లారాక తిరుగుతుంది: మోటారు చుట్ట, బేరింగ్.
కాలిన వాసన వస్తుంది: ఏదీ చూడవద్దు. ఎం.సి.బి. దించి మెకానిక్కును పిలవాలి.

తమ్ముళ్ళకు

పదో తరగతి తరువాత ఇంటర్, ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్ళు బాగా చదవండి. ఆ దారి కుదరని వాళ్ళు నిరాశ పడవద్దు. ఐ.టి.ఐ.లలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ రెండేళ్ళ కోర్సు ఉంది. పదో తరగతి పాసైతే చేరవచ్చు. మన తీరంలో హేచరీలు, రొయ్యల ప్లాంట్లు, ఐసు ఫ్యాక్టరీలు, కృష్ణపట్నం ఓడరేవు ఉన్నాయి. చల్లదనం లేకుండా వీటిలో చాలా పనులు జరగవు. చేతిలో మీటరు, బుర్రలో కారణం ఉన్నవాడికి పని దొరుకుతుంది.

చివరిగా ఒక విన్నపం. మీ హాలులో ఇప్పుడు ఏదైనా ఫ్యాను మూలుగుతుంటే కర్ర వెతకకండి. మీరే ట్రంకు పెట్టె ఎక్కి విప్పకండి కూడా. వార్డెన్ గారి దగ్గరికి వెళ్ళి, "సార్, ఎలక్ట్రీషియన్ను పిలిపించండి, కెపాసిటర్ పోయినట్టుంది, 2.5 మైక్రోఫారడ్ తెమ్మనండి" అని చెప్పండి. ఆయన వచ్చి మార్చేటప్పుడు కింద నిలబడి చూడండి. నాలుగేళ్ళు మేము అడగని ప్రశ్న మీరు మొదటి రోజే అడిగినవాళ్ళవుతారు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అన్న,
పూర్వ విద్యార్థి, ఏ.సి. మెకానిక్, నెల్లూరు